లినక్స్‌లో షీటు నెస్టింగ్: రంపానికి ఒక లెక్క, రౌటర్‌కు ఇంకో లెక్క

నెస్టింగ్‌కు, అంటే చెక్క షీటు మీద ముక్కలను వృథా తగ్గేలా సర్దే పనికి, లినక్స్‌లో ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగేవాళ్లందరూ ఒక్క పేరు చెప్పమంటారు. ఒక్క పేరు చెబితే సగం మందికి పనికిరాని సలహా ఇచ్చినట్టే. ముందు తెలియాల్సింది మీ షీటును కోసేది ఏదన్నది. రంపమా, రౌటరా (తిరిగే బిట్‌తో ఎటైనా మలుపు తిరిగి కోసే మెషీన్), లేజరా? ఆ సంగతి తేలితే సాఫ్ట్‌వేర్ పేరు దాదాపు దానంతటదే తేలిపోతుంది.

హన్మకొండలో మా వర్క్‌షాపులో రెండూ ఉన్నాయి. టేబుల్ రంపం మేస్త్రిది. కిచెన్ క్యాబినెట్లు, వార్డ్‌రోబ్ అరలు, స్కూళ్లకు బెంచీ పలకలు దాని మీద కోస్తాం. సీఎన్‌సీ రౌటర్ నాది. పూజగది జాలీ తలుపులు, నేమ్‌బోర్డులు, బతుకమ్మ కటౌట్లు, సన్మానాలకు ఇచ్చే మొమెంటోలు దాని మీద. రెండింటికీ షీటు ఒక్కటే, 8 బై 4. అంటే 2440 బై 1220 ఎంఎం. కానీ ఆ షీటు మీద ముక్కలు సర్దే లెక్క మాత్రం రెండింటికీ ఒకటి కాదు.

లినక్స్ ఎందుకంటే, షాపులో ఉన్న కంప్యూటర్ పాతది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఈ ప్రాసెసర్ మీద ఎక్కదు. పగలంతా ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) పొట్టు పీల్చే చోట కొత్త కంప్యూటర్ కొని పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 ఎక్కించి ఇచ్చాడు. "అన్నీ దొరుకుతయి మామా, టెన్షన్ పెట్టుకోకు" అన్నాడు. మెషీన్ వైపు నిజంగానే టెన్షన్ లేదు. మా రౌటర్ కంప్యూటర్‌కు తగిలించి నడిపేది కాదు. జీ-కోడ్ ఫైలును (బిట్ ఎటు కదలాలో చెప్పే ఆదేశాలు) పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే చేతి కంట్రోలర్ చదువుకుంటుంది. ఆ ఫైలు ఏ సిస్టమ్‌లో తయారైందో దానికి అనవసరం. వెతుకులాటంతా షీటు మీద ముక్కలు సర్దే పనికే.

ముందు రంపం సంగతి. రంపం షీటును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిలువునా కోస్తుంది. నడిమధ్యలో ఆగి పక్కకు తిరగడం దానికి రాదు. ఇలా అంచు నుంచి అంచుకు మాత్రమే పోయే కోతలను గిలటిన్ కోతలంటారు. చాలా నెస్టింగ్ ప్రోగ్రాములకు ఈ సంగతి పట్టదు. నాలుగు పొడుగు ముక్కలను గాలిపంకా రెక్కల్లా చుట్టూ తిప్పి పెట్టి, నడుమ ఒక చిన్న చదరం ఇరికించి, షీటు బాగా నిండిందని చూపిస్తాయి. స్క్రీన్ మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. అలాంటిది ఒకటి ప్రింటు తీసి ఇస్తే మా మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి, "కాయితం మీద బాగనే ఉంది సారూ, రంపం నడుమల ఎట్ల మలుగుతది?" అన్నాడు. ఆ ప్రోగ్రాం రౌటర్‌కైతే సరిగ్గా సరిపోతుంది. రంపానికి దండగ.

రెండోది రంపం తినేసే మందం. మా రంపం పళ్లు ఒక్కో కోతకు 3 ఎంఎం తింటాయి. కస్టమర్ వచ్చి "8 ఫీట్ల షీటే కదా, 2 ఫీట్ల అరలు నాలుగొస్తయి" అంటాడు. రావు. 2 ఫీట్లంటే 609.6 ఎంఎం. మూడు అరలకు 1828.8, మూడు కోతలకు 9. షీటులో మిగిలేది 602.2 ఎంఎం. నాలుగో అర 7.4 ఎంఎం పొట్టి. వార్డ్‌రోబ్‌లో ఆ సందు అందరికీ కనిపిస్తుంది. కోత మందం అడగని ప్రోగ్రాం ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

మూడోది చెక్క మీద కనిపించే గీత. ప్లైకి, చెక్క డిజైన్ ఉన్న మైకాకు గీత ఎటు పోతుందో చూసుకోవాలి. ముక్కను అడ్డంగా తిప్పి ఇరికిస్తే షీటు కలిసొస్తుంది కానీ పక్కపక్క షటర్ల మీద గీత ఒకటి నిలువు, ఒకటి అడ్డం అవుతుంది. కాబట్టి తిప్పొచ్చా వద్దా అన్నది ముక్కముక్కకూ చెప్పే వీలుండాలి.

ఈ మూడూ ఉన్నది, ఏ సిస్టమ్‌లోనైనా నడిచేది, బ్రౌజర్‌లో తెరుచుకునే కట్‌లిస్ట్ ఆప్టిమైజర్. కోత మందం అడుగుతుంది, గీత దిక్కు అడుగుతుంది, రంపానికి పనికొచ్చే లేఅవుట్ ఇస్తుంది. ఉచితంగా వాడేవాళ్లకు పరిమితులున్నాయి. నెట్ లేనప్పుడు అదీ లేదు. అప్పుడప్పుడు కోసుకునేవాళ్లు దీంతో ఆగిపోవచ్చు. అంతకంటే వెతకనక్కరలేదు.

మాకు నెట్ లేకుండా నడిచేది కావాల్సి వచ్చింది. మా మేనల్లుడు రెక్ట్‌ప్యాక్ అనే పైథాన్ లైబ్రరీ పట్టుకొచ్చాడు. దీర్ఘచతురస్రాలను సర్దడమే దాని పని. గిలటిన్ పద్ధతి కూడా అందులోనే ఉంది. సైజులన్నీ లిబ్రాఫీస్ క్యాల్క్‌లో కొట్టి సీఎస్‌వీగా సేవ్ చేస్తాం. చిన్న స్క్రిప్టు దాన్ని చదివి, లేఅవుట్‌ను బొమ్మగా గీసి ఇస్తుంది. రెక్ట్‌ప్యాక్‌కు కోత మందం అనే మాటే తెలియదు. దానికో కిటుకుంది. ప్రతి ముక్క పొడవుకూ వెడల్పుకూ 3 ఎంఎం కలపాలి. షీటు పొడవుకూ వెడల్పుకూ కూడా అదే 3 కలపాలి. పైన చెప్పిన అరలనే తీసుకోండి. నాలుగు ముక్కలకు 2450.4 కావాలి, షీటు 2443 అయింది. పట్టవని అదే చెప్పేస్తుంది. గీత ఉన్న షీట్లకు తిప్పడాన్ని ఆపేసి, ఎండీఎఫ్‌కు తిప్పనిచ్చి, రెండు జాబితాలుగా నడుపుతాం.

ఇక వేస్టేజ్ శాతం. ఈ విషయంలో నేను సాఫ్ట్‌వేర్ పక్షం కాదు, మేస్త్రి పక్షం. ప్రతి ప్రోగ్రామూ మూలకు ఒక శాతం చూపిస్తుంది, అందరూ దాన్నే చూస్తారు. 600 బై 400 ముక్కలు ఎనిమిది కావాలనుకోండి. ఒక్క షీటులో పడతాయి. 600ను షీటు పొడవు వెంట పెట్టి, వెడల్పులో మూడేసి పేరిస్తే 1809 ఎంఎం దాకా వాడతాం. చివర 631 బై 1220 మిగులుతుంది, మూడో వరసలో పక్కన 600 బై 414 ముక్క ఒకటి విడిగా మిగులుతుంది. అవే ముక్కలను తిప్పి, వెడల్పులో రెండేసి పేరిస్తే 1612 దగ్గర అయిపోతుంది. 828 బై 1220 ఒకే ముక్కగా మిగులుతుంది. పక్కన సన్న బద్ద పోతుంది, దాన్ని లెక్కలో పెట్టను. రెండు లేఅవుట్లకూ వాడకం 64.5 శాతమే. ముక్కలు అవే, షీటు అదే అయినప్పుడు శాతం మారేదెక్కడ? మారేది మిగిలినదాని ఆకారం. 828 బై 1220 ముక్కలోంచి రేపు ఒక టీపాయ్ పలక వస్తుంది. మొదటి లేఅవుట్‌లో మిగిలిన రెండింటిలోంచి అది రాదు. "మిగిలేది ఒక్క దిక్కు మిగలాలె. గీడింత గాడింత మిగిలితే దాంతోని ఏం జేస్త?" అని మేస్త్రి ఎప్పుడూ అనే మాట. గీత ఉన్న ప్లై అయితే ఈ రెండో లేఅవుట్ కుదరకపోవచ్చు, అది వేరే సంగతి.

ఇక్కడ ఎండీఎఫ్ గురించి ఒక ముక్క. జనగామ దారిలో పెంబర్తి ఉంది కదా, ఇత్తడి రేకు పనికి పేరున్న ఊరు. ఇత్తడి తునకకు తూకానికి డబ్బు వస్తుంది, కరిగిస్తే మళ్లీ ఇత్తడే. ఎండీఎఫ్ తునకకు ఆ భాగ్యం లేదు. అందులో జిగురు ఉంటుంది కాబట్టి పొయ్యిలో పెట్టడం కూడా మంచిది కాదు. మిగిలిన ముక్క మళ్లీ షీటుగా పనికొస్తేనే దానికి విలువ.

ఇప్పుడు రౌటర్. ఇక్కడ ముక్కలు చదరాలు కావు. మా దగ్గర ఎక్కువగా నడిచేది కాకతీయ కళాతోరణం మొమెంటో. రెండు స్తంభాలు, పైన అడ్డదూలం, అటూ ఇటూ బయటికి వంగిన చివర్లు, మధ్యంతా ఖాళీ. కింద పీఠం లేకుండా కోస్తే ఆ ఖాళీ కిందివైపు తెరుచుకుని ఉంటుంది. పీఠంతో కోస్తే నాలుగు వైపులా మూసుకున్న రంధ్రం అవుతుంది. నెస్టింగ్ ప్రోగ్రాంకు ఈ రెండూ వేర్వేరు చిక్కులు. ఒకదాంట్లో పక్క ముక్క స్తంభాన్ని ఖాళీలోకి దూర్చాలి, ఇంకోదాంట్లో చిన్న కీచైన్లను రంధ్రంలో పేర్చాలి.

ఈ పనికి ఉచితంగా దొరికేవాటిలో పాత కాపు ఎస్‌వీజీనెస్ట్. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కాబట్టి లినక్స్ అయినా ఇంకోటైనా ఒకటే. ముక్కలోని రంధ్రంలో ఇంకో ముక్క పెట్టే ఆప్షన్, లోపలికి వంగిన చోట్లను కూడా వెతికే ఆప్షన్ రెండూ అందులో ఉన్నాయి. రెండూ ఆన్ చేస్తే నెమ్మదిస్తుంది. దాన్ని రాసిన జాక్ కియావ్ చేతి నుంచే తర్వాత డీప్‌నెస్ట్ వచ్చింది. ఇది డెస్క్‌టాప్ ప్రోగ్రాం. లెక్కలో బరువైన భాగాన్ని సీ భాషలో రాశారు కాబట్టి చురుగ్గా ఉంటుంది. ఇప్పుడు డీప్‌నెస్ట్ నెక్స్ట్ అనే పేరుతో వేరేవాళ్లు దాన్ని ముందుకు తీసుకుపోతున్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీన్నే తీసుకోండి.

రెండూ లోపల చేసే పని ఒకటే. ఒక ముక్క చుట్టూ ఇంకో ముక్కను తాకించి జరుపుతూ పోతే, ఎక్కడెక్కడ పెడితే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయో ఆ హద్దు గీత వస్తుంది. ముందు ఆ హద్దులన్నీ లెక్క కట్టి పెట్టుకుంటాయి. తర్వాత ఏ ముక్క ముందు, ఏది వెనక, ఏది ఎంత తిప్పాలి అన్న వరసలను కలిపి, మార్చి, బాగున్నవాటిని ఉంచుకుంటూ పోతాయి. అందుకే దీనికి అయిపోవడం అంటూ ఉండదు. మీరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. మొదట్లో గబగబా మెరుగుపడి, తర్వాత ఎప్పుడో ఒకసారి ఇంకాస్త మెరుగవుతుంది. నేను స్టార్ట్ కొట్టి చాయ్‌కి పోతాను. వచ్చాక ఉన్నదాన్ని తీసుకుంటాను. అంతకంటే ఆగి చూస్తే మిగిలే ఎండీఎఫ్ కన్నా కాలే కరెంటు ఎక్కువ.

సెట్టింగుల్లో నేను పట్టించుకునేవి కొన్నే. ముక్కల మధ్య ఎడం: 6 ఎంఎం బిట్ వాడితే 6 కాదు, 8 పెడతాను. బిట్ సరిగ్గా పోయినా, ఇటు కోత అటు ముక్క అంచును గీకకూడదు. తిప్పడం: నాలుగు అంటే 90 డిగ్రీల చొప్పున, రెండు అంటే తలకిందులు మాత్రమే. ఎండీఎఫ్‌కు నాలుగు, గీత ఉన్న ప్లైకి రెండు. తోరణాలకు రెండు చాలు, ఒకటి నిటారుగా ఒకటి తలకిందులుగా పెడితేనే స్తంభాలు ఒకదానిలో ఒకటి దూరతాయి. ఇంకా ఎక్కువ పెడితే లెక్క పెరగడమే తప్ప ఫలితం పెద్దగా మారదు. ఉమ్మడి గీతలు కలిపే ఆప్షన్ లేజర్‌వాళ్లకు బంగారం, పక్కపక్క ముక్కల మధ్య ఒక్క కోతతో పని అయిపోతుంది. రౌటర్‌కు దాన్ని ఆపేయాలి. బిట్ సగం మందం ఇటు, సగం అటు తినేస్తే రెండు ముక్కలూ చిన్నవైపోతాయి.

సర్దే పద్ధతి దగ్గర గ్రావిటీ, బౌండింగ్ బాక్స్ అని ఉంటాయి. బౌండింగ్ బాక్స్ అన్నిటినీ కలిపి ఒక చిన్న పెట్టెలో పట్టించాలని చూస్తుంది. గ్రావిటీ అన్నిటినీ ఒక పక్కకు నొక్కుతుంది. మాకు గ్రావిటీయే. మేస్త్రి చెప్పిన ఒక్క దిక్కు మిగలడమంటే అదే కదా. షీటును కూడా అసలు సైజు ఇవ్వను. చుట్టూ 15 ఎంఎం వదిలి 2410 బై 1190 ఇస్తాను, క్లాంపులు కూర్చోవాలి. దుకాణం నుంచి వచ్చిన షీటు నాలుగు మూలలూ లంబకోణంలో ఉంటాయన్న నమ్మకం కూడా నాకు లేదు, టేపు పెట్టి చూశాకే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తగిలేవి రెండు. ఉబుంటు 24.04లో యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ కట్టుబాట్లు బిగించారు. డీప్‌నెస్ట్ లాగా ఎలక్ట్రాన్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద కట్టిన ప్రోగ్రాములు శాండ్‌బాక్స్ (ప్రోగ్రాంను కట్టడిలో ఉంచే రక్షణ) ఎర్రర్ చూపి ఆగిపోవచ్చు. టెర్మినల్ నుంచి నో-శాండ్‌బాక్స్ ఆప్షన్‌తో తెరిస్తే తెరుచుకుంటాయి. ఎక్కడి నుంచి దించుకున్నారో నమ్మకం ఉన్న ప్రోగ్రాంకే అలా చేయండి. రెండోది యాప్‌ఇమేజ్ ఫైళ్లది, అంటే ప్రోగ్రాం అంతా ఒకే ఫైలుగా వచ్చేవాటిది. వాటిలో చాలావాటికి ఫ్యూజ్ 2 లైబ్రరీ కావాలి, కొత్త ఉబుంటులో అది ముందే ఉండదు. ఒక్కసారి వేసుకుంటే సరి.

అసలు కష్టం ఫైళ్ల దగ్గర. డిజైనర్లు డీఎక్స్‌ఎఫ్ (క్యాడ్ డ్రాయింగ్ ఫైలు) పంపుతారు. పాత డీప్‌నెస్ట్ డీఎక్స్‌ఎఫ్‌ను మార్చడానికి నెట్‌లో ఉన్న ఒక సర్వర్‌కు పంపుతుంది. కస్టమర్ డిజైన్ బయటికి పోవడం నాకు ఇష్టం లేదు. అందుకని ముందు లిబ్రెక్యాడ్‌లో తెరిచి, ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు తీసేసి, ఇంక్‌స్కేప్‌లో ఎస్‌వీజీగా (గీతలతో ఉండే బొమ్మ ఫైలు) సేవ్ చేస్తాను. ఇంక్‌స్కేప్‌లో రెండు పనులు తప్పవు. అక్షరాలన్నిటినీ పాత్‌గా మార్చాలి, లేకపోతే నేమ్‌బోర్డు మీద పేరు నెస్టింగ్‌లో కనిపించనే కనిపించదు. తెలుగు అక్షరాలకైతే ఇంకో జాగ్రత్త. ఒత్తులు, గుడి, తలకట్టు వేర్వేరు ఆకారాలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. యూనియన్ కొట్టి ఒక్క ఆకారం చేయకపోతే "శ్రీ"లో రావత్తును ఊడదీసి ఇంకో మూలన కోస్తుంది. తర్వాత, ప్రతి గీతా మొదలైన చోటే ముగిసి మూసుకుందో లేదో చూడాలి. వెంట్రుక వాసి సందు ఉన్నా ప్రోగ్రాం దాన్ని ముక్కగా లెక్కపెట్టదు.

ఇక స్కేలు. ఎస్‌వీజీలో ఎంఎం అన్నది నేరుగా ఉండకపోవచ్చు, ఒక అంగుళానికి ఎన్ని యూనిట్లన్నది ప్రోగ్రాం ప్రోగ్రాంకూ మారుతుంది. ఇంక్‌స్కేప్ కూడా 2017లో 0.92 వెర్షన్ వచ్చినప్పుడు 90 నుంచి 96కు మారింది. డీప్‌నెస్ట్ సెట్టింగుల్లో ఇది 72గా ఉండవచ్చు. 96తో చేసిన ఫైలును 72 అనుకుని చదివితే 100 ఎంఎం తోరణం 133 అవుతుంది. నేను ప్రతి ఫైలులో మూలకు 100 బై 100 చదరం ఒకటి గీసి పెడతాను. నెస్టింగ్ అయి బయటికి వచ్చాక దాన్ని కొలిచి, సరిగ్గా ఉంటేనే చదరం తీసేసి, ఫ్రీక్యాడ్‌లోకి తీసుకుని టూల్‌పాత్ (బిట్ నడవాల్సిన దారి) చేస్తాను.

డబ్బు పెట్టగలవాళ్లకు క్యూక్యాడ్/క్యామ్ ఉంది. నెస్టింగ్, టూల్‌పాత్ ఒకే చోట ఉంటాయి, లినక్స్‌కు సొంత వెర్షన్ ఉంది. రోజంతా డీఎక్స్‌ఎఫ్‌తోనే పని ఉంటే, ఈ ఇంక్‌స్కేప్ తిప్పలన్నీ తప్పించుకోవడానికి అది న్యాయమైన ఖర్చే. విండోస్ ప్రోగ్రాంను వైన్ మీద నడిపిద్దామనుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. అది యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ తాళంలా తగిలించే పరికరం) అడిగే రకమైతే ఆ దారిలో పోవద్దు.

కమాండ్ లైన్ అంటే భయం లేనివాళ్లకు స్ప్యారో అని ఒకటుంది. బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం నుంచి 2025లో వచ్చింది, రస్ట్ భాషలో రాశారు, ఓపెన్ సోర్స్. వాళ్లు పట్టుకున్న సమస్య నాకు నచ్చింది. వెడల్పు స్థిరంగా ఉన్న పట్టీ మీద అన్ని ముక్కలనూ పేర్చి, పట్టీ పొడవు వీలైనంత తక్కువ వాడాలి. అంటే చివర మిగిలేదంతా ఒక్క ముక్కే. బెల్జియం ప్రొఫెసర్లూ మా మేస్త్రీ ఒకే మాట మీద ఉన్నారన్నమాట. కానీ అది ముక్కలను జేసన్ ఫైలుగా అడుగుతుంది. మా మేనల్లుడు సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఎస్‌వీజీ నుంచి జేసన్‌కు మార్చే స్క్రిప్టు రాస్తానన్నాడు.

ప్రస్తుతానికి వాడు రాసిచ్చిన రెక్ట్‌ప్యాక్ స్క్రిప్టులో నాకు ఎక్కువ కలిసొచ్చిన భాగం తునకల జాబితా. మిగిలిన ప్రతి ముక్క మీదా మార్కర్‌తో సైజు, మందం రాసి గోడకు నిలబెడతాం. అదే సైజు క్యాల్క్ షీటులోకి ఎక్కుతుంది. కొత్త ఆర్డర్ వస్తే స్క్రిప్టు ముందు ఈ తునకల్లో చూసి, పట్టకపోతేనే కొత్త షీటు తీస్తుంది. రౌటర్ మీద మిగిలినవి వంకరగా ఉంటాయి, వాటిని జాబితాలో రాయలేం. అందుకే రౌటర్ ఆగగానే మేస్త్రి ఆ వంకర అంచును రంపం మీద కోసేసి, చదరం చేసి నాకు సైజు చెబుతాడు. 300 ఎంఎం కన్నా చిన్నదైతే రాయొద్దంటాడు. కీచైన్లకు పనికొస్తుందని నేను 150 దాకా రాస్తాను. ఈ గొడవ ఇంకా తేలలేదు.